ఆరో అంతస్తు దగ్గర అంగుళం

లిఫ్టులో కూర్చునే మనిషికి ఏ సంగతీ పూర్తిగా వినపడదు. కింద ఎక్కినవాళ్ళు మొదలుపెట్టిన గొడవ మూడో అంతస్తులో తలుపులు తెరుచుకోగానే వాళ్ళతో పాటే దిగిపోతుంది. ఎవరి కూతురు ఎవరిని చేసుకుంటానని పట్టుబట్టిందో, ఎవరి మోకాలికి డాక్టరు ఏం చెప్పాడో, అన్నీ సగం సగమే. మిగతా సగం ఆ ఇళ్ళ గోడలకు తెలియాలి. లిఫ్టాయన పదేళ్ళుగా ఈ సగం మాటలు వింటూ బతుకుతున్నాడు. ఆయనకూ ఒక పేరుంది గానీ, ఆ పన్నెండు అంతస్తుల భవనంలో దాని అవసరం ఇంతవరకూ ఎవరికీ పడలేదు.

నాలుగడుగుల పెట్టె అది. ఒక మూల స్టూలు, దాని పొట్టి కాలి కింద మడత పెట్టిన అట్టముక్క, నెత్తిన ఒకే వేగంతో తిరిగే ఫ్యాను, ఎదురుగా గీతలు పడ్డ అద్దం. ఎక్కినవాళ్ళు చెప్పిన అంకె నొక్కడం, ఆ అంతస్తు రాగానే పైకి చెప్పడం, ఇంతే పని. చేరిన కొత్తలోనే ఆ ఇళ్ళ సంఘం సెక్రటరీ మూడు సంగతులు గట్టిగా చెప్పాడు. పలకరిస్తే తప్ప ఎవరితోనూ మాట్లాడకూడదు. ఫోను చూడకూడదు. లిఫ్టులో ఒక్క స్క్రూ కూడా ముట్టుకోకూడదు. ఈ మూడోది ఎందుకంటే, అంతకుముందు టీవీలూ రేడియోలూ విప్పి కట్టిన చేతులు ఊరుకోక, మొదటి నెలలోనే ఆయన ఆ ఫ్యాను గరగర ఆపేశాడు. మెచ్చుకుంటారేమో అనుకున్నాడు పాపం. "నువ్వు బటన్లు నొక్కడానికి వచ్చావు, మెకానిక్‌గా కాదు" అన్నాడు సెక్రటరీ. అప్పటినుంచి ఆ చేతులు తొడల మీద బుద్ధిగా పడుకున్నాయి.

గురువారం సాయంత్రం ఫిజిక్సు మాస్టారూ పళ్ళ డాక్టరమ్మా కలిసి ఎక్కారు. మాస్టారిది తొమ్మిదో అంతస్తు. రిటైరైనా జేబులో పెన్నులు తగ్గని మనిషి. డాక్టరమ్మది ఏడు. ముప్పై దాటని పిల్ల, అందరినీ మీరు అంటుంది.

"ఈ ఆదివారం ఇంకో ఇద్దరు వస్తామన్నారు మాస్టారూ. సోల్డరింగ్ ఐరన్లు చూస్తే రెండే ఉన్నాయి."

లిఫ్టాయన వేలు బటన్ మీద ఒక్క క్షణం ఆగింది.

వంతులు వేసుకుంటారులే అన్నాడు మాస్టారు. పోయినవారం రేడియో పలికినప్పుడు వాళ్ళ ముఖాలు చూశావా అని నవ్వాడు. ఎవరైనా రావచ్చు, ఏమీ రాకపోయినా రావచ్చు అని రాసి పెట్టినా బయటివాళ్ళే వస్తున్నారు గానీ మనవాళ్ళు కదలరేమిటని డాక్టరమ్మ అంటూ ఉండగా ఏడు వచ్చేసింది. ఆమె దిగిపోయింది.

ఏడు నుంచి తొమ్మిదికి పదకొండు సెకన్లు. ఎన్నిసార్లు లెక్కపెట్టుకున్నాడో ఆయనకే తెలుసు. ఎక్కడ సార్ అది అని అడగడానికి మూడు సెకన్లు చాలు. మాట నోటిదాకా వచ్చింది. మాస్టారు అద్దంలో తన ముఖం చూసుకుంటూ ఏదో కూనిరాగం తీస్తున్నాడు. పలకరించలేదు.

"తొమ్మిది సార్" అన్నాడు లిఫ్టాయన.

శనివారం ఇంకో ముక్క దొరికింది. డాక్టరమ్మ ఫోనులో ఎవరికో చెబుతోంది. పార్టుల కొట్ల వీధి తెలుసు కదా, అక్కడ వైర్లు కొనుక్కుని అట్నుంచి అటే వచ్చేయండి, పదకొండింటికి మొదలు. అంతే, దిగిపోయింది. లిఫ్టాయన ఈ రెండు ముక్కలూ అతికించి చూసుకున్నాడు. అతుకు బాగానే కుదిరిందనుకున్నాడు.

*

ఆదివారం ఆయనకు సెలవు. ఆ ఒక్కరోజూ, గేటు పని లేనప్పుడు, స్టూలు మీద వాచ్‌మన్ కూర్చుంటాడు. పొద్దున్నే గడ్డం గీసుకుని ఇస్త్రీ చొక్కా వేసుకుంటుంటే భార్య వింతగా చూసింది. ఆవిడ లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది, సెలవురోజున ఇస్త్రీ బట్ట కనబడితేనే ఒళ్ళు మండుతుంది. పెళ్ళిచూపులా అని అడిగింది. నలుగురు కూర్చుని వైర్లు అతికించే చోటు ఒకటుందట, వెతకడానికి వెళుతున్నానని చెప్పాడు. వెతికి ఏం చేస్తావంది. ఆయన చెప్పులు వేసుకున్నాడు.

పార్టుల కొట్ల వీధి ఈ చివర నుంచి ఆ చివరికి రెండుసార్లు తిరిగాడు. మేడ మీద కంప్యూటరు క్లాసుల చోట తాళం. లైబ్రరీ నోటీసు బోర్డు మీద చదరంగం ఆడేవాళ్ళు, పాత నాణేలు పోగుచేసేవాళ్ళు, పొద్దున్నే నడిచేవాళ్ళు, అందరికీ ఒక్కో కాగితం ఉంది. వైర్లు అతికించేవాళ్ళకు లేదు. కౌంటర్లో అమ్మాయి తలెత్తకుండానే తెలీదంది. పదకొండు దాటింది. కాళ్ళు లాగుతుంటే, ఒకప్పుడు తనకు పార్టులు అరువిచ్చిన పాత కొట్టు ముందు ఆగాడు.

కొట్టాయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, "బతికే ఉన్నావా" అన్నాడు. లిఫ్టాయన వచ్చిన పని చెప్పాడు.

"బట్టతల మాస్టారేనా? మొన్న స్పీకరు పట్టుకెళ్ళాడు. వాళ్ళ బిల్డింగులోనే పదకొండో అంతస్తులో క్లబ్బు గది ఉందట, అక్కడే ప్రతి ఆదివారం. అదేగా నువ్వు చేసే బిల్డింగు? రోజూ పైకి మోసుకెళ్ళేవాడివి నన్నడుగుతావేంటయ్యా."

లిఫ్టాయనకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. వారానికి ఆరు రోజులు ఆ తలుపు ముందు ఆగి పదకొండు అని చెప్పిన మనిషి ఆయన. ఆ గది తెరిచేది ఆయన లేని ఏడో రోజున.

వాచ్‌మన్ స్టూలు మీద కాలు మీద కాలేసుకుని ఉన్నాడు. "ఎన్నో అంతస్తు సార్?" అని వెటకారంగా అడిగాడు. పదకొండు అన్నాడు లిఫ్టాయన. నిలబడి పైకి వెళ్ళడం కొత్తగా ఉంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక వెనక్కి కట్టుకున్నాడు.

గది తలుపు తీసే ఉంది. రెండు బల్లలు, ఏడెనిమిది మంది. ఆ వాసన ముందు ఆయన్ని పట్టేసింది, కాలిన అతుకు పేస్టూ కరిగిన లెడ్డు తీగా కలిసిన పొగ వాసన. గడప దగ్గరే నిలబడిపోయాడు.

"లిఫ్టు ఆగిపోయిందా?" అన్నాడు మాస్టారు కంగారుగా.

"లేదు సార్. ఊరికే... చూద్దామని వచ్చాను."

డాక్టరమ్మ అప్పటికే ఒక కుర్చీ లాగింది. మాస్టారు ముందు అరచేయంత బోర్డు ఉంది, దానికో స్పీకరు. నొక్కితే ఏదో మాట వస్తోంది గానీ మధ్యలో కరకరమని తెగిపోతోంది. మూడు వారాలుగా ఇదే వరస, చిప్ పోయిందేమో మార్చేద్దామంటున్నారు. లిఫ్టాయన కాసేపు విన్నాడు. తర్వాత బల్ల మీది పెన్సిలు తీసుకుని, దాని చెక్క కొసతో బోర్డు మీది అతుకుల్ని ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయాడు, ఎవరింటి తలుపో కొడుతున్నంత మర్యాదగా. పదహారో పదిహేడో అతుకు దగ్గర కరకర ఎక్కువైంది.

"ఇదీ" అన్నాడు. "పట్టుకున్నట్టే ఉంది, పట్టుకోలేదు."

ఐరన్ ఆయన చేతికిచ్చారు. కొస తుడిచి, పిసరంత పేస్టు రాసి, అతుకు వేడెక్కేదాకా ఆగి లెడ్డు తాకించాడు. అది కరిగి, చుక్క మెరిసి నిలబడింది. స్పీకరు తెగకుండా పలికింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, పొగ మీదికి నెట్టేశాడు.

ఇంతకీ ఇదేమిటని అప్పుడడిగాడు.

"నీ లిఫ్టుకే" అన్నాడు మాస్టారు సంబరంగా. "అంతస్తు రాగానే దానంతటదే చెబుతుంది. చూపు లేని మన ఆరో అంతస్తు ఆవిడ కోసం చేస్తున్నాం. నువ్వు భోజనానికి వెళ్ళినప్పుడూ ఆదివారాలూ ఆవిడకు ఇబ్బంది కదా. అన్నట్టు గొంతు కావాలి. ఎవరిది పెడదామా అని ఆలోచిస్తున్నాం."

"ఇంకెవరిది? ఈయనదే" అంది డాక్టరమ్మ. "వచ్చే ఆదివారం రండి, రికార్డు చేద్దాం."

ఆ రోజు లిఫ్టాయన ఇంటికి నడిచే వెళ్ళాడు. దారి పొడుగునా బొటనవేలూ చూపుడువేలూ రాసుకుంటూ వాసన చూసుకున్నాడు.

*

సోమవారం పొద్దున సెక్రటరీ ఒక కాగితమూ టేపూ చేతికిచ్చి, లిఫ్టులో అద్దం పక్కన అతికించమన్నాడు. వంకర లేకుండా, అని కూడా చెప్పాడు. తలుపులు మూసుకున్నాక లిఫ్టాయన చదివాడు. లిఫ్టులో స్వయంగా అంతస్తులు చెప్పే సదుపాయం వస్తున్నందున, ఆపరేటరు ఉద్యోగం వచ్చే వారం శనివారంతో రద్దు. సంఘానికి ఖర్చు ఆదా చేసిన క్లబ్బు సభ్యులకు అభినందనలు.

ఇంకోసారి చదివాడు. తర్వాత అద్దం అంచును ఆనవాలు పెట్టుకుని, నాలుగు మూలలా టేపు వేసి, బొటనవేలితో బుడగలు లేకుండా నొక్కాడు. వంకర రాలేదు.

ఆ పూట ఎక్కినవాళ్ళందరూ చదివారు. చదివి చెప్పులు చూసుకున్నారు. ఎప్పుడూ వాగుతూ ఉండే ఐదో అంతస్తు వకీలు కూడా నోరు మెదపలేదు. పదేళ్ళలో ఆ పెట్టె అంత నిశ్శబ్దంగా ఎన్నడూ లేదు. స్టూలు మీద కూర్చుని, తన శ్రాద్ధానికి వచ్చినవాళ్ళను తనే పైకి మోస్తున్నట్టు అనిపించింది ఆయనకు.

ఆరో అంతస్తు ఆవిడ ఒక్కతే మామూలుగా ఎక్కింది. ఆవిడకు కళ్ళు కనిపించవు. బ్యాంకులో ఫోన్లు తీసే ఉద్యోగం. ఆ రోజు ఒంట్లో బాగాలేక మధ్యాహ్నం ఇంటికొస్తానని చెప్పి వెళ్ళింది. కాగితం సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు, చెప్పాలని ఎవరికీ తోచలేదు. లిఫ్టాయనకు నోరు రాలేదు.

మధ్యాహ్నం ఆయన జనరేటరు గదిలో అన్నం తిని అరగంటకు తిరిగొచ్చేసరికి ఎనిమిదో అంతస్తులో కేకలు వినిపిస్తున్నాయి. వెళ్ళి చూస్తే ఆవిడ మెట్ల మీద కూర్చుని ఉంది, ఒడిలో తాళంచెవి. ఒంటరిగా ఎక్కి, తడుముకుని ఆరు అనుకుని ఎనిమిది నొక్కింది. ఎవరి తలుపుకో తాళంచెవి పెట్టి తిప్పుతుంటే ఆ ఇంటాయన దొంగ అనుకుని అరిచాడట. తెలిశాక కూడా కోపం తగ్గలేదట.

"ఆ అంకెలు ఒకప్పుడు వేలికి తగిలేవయ్యా" అంది ఆవిడ, నవ్వడానికి ప్రయత్నిస్తూ. "ఇప్పుడు అన్నీ నున్నగా అయిపోయాయి. దేన్ని నొక్కుతున్నానో తెలీడం లేదు."

లిఫ్టాయన లోపలికొచ్చి బటన్ల మీద వేలు పెట్టి చూశాడు. నిజమే. ఉబ్బెత్తుగా ఉండే అంకెలన్నీ అరిగిపోయాయి. వాటిని పదేళ్ళపాటు అరగదీసింది తన బొటనవేలే. ఆవిడను ఆరుకు తీసుకొచ్చాడు. ఆరో అంతస్తు దగ్గర ఆ లిఫ్టు ఎప్పుడూ అంగుళం కిందే ఆగుతుంది. కళ్ళున్నవాళ్ళు కూడా తట్టుకుంటారు.

"ఆరు. అడుగు పైకి పెట్టండమ్మా."

"వస్తానయ్యా" అంది ఆవిడ, రోజూ అన్నట్టే.

"మంచిదమ్మా" అన్నాడు, రోజూ అన్నట్టే.

సాయంత్రం ఇంట్లో భార్య అంతా విని, తడి చేతులు చీరకు తుడుచుకుంది. ఆవిడకు మెలికలు చేతకావు.

"బాగుచేసిన చేత్తోనే ఓ వైరు పీకెయ్. అది పలక్కపోతే నువ్వే దిక్కు."

"నాకే ముందు తోచింది" అన్నాడు ఆయన.

"మరి?"

ఆ అతుకును తానిప్పుడు తలచుకున్నా మళ్ళీ పాడుచేయలేడు, అది బాగా కుదిరింది. ఈ మాట భార్యకు చెబితే నవ్వుతుంది, లేకపోతే ఏడుస్తుంది. రెండూ చూడబుద్ధి కాలేదు.

మంగళవారం మాస్టారు తొమ్మిదిలో ఎక్కి, కిందికి వచ్చాక కూడా లిఫ్టులోంచి బయటికి నడవలేదు. తలుపులు రెండుసార్లు తెరుచుకుని మూసుకున్నాయి. ఆ కాగితం నిన్నే చదివానని, సెక్రటరీ ఇంటికి వెళ్ళి అరిచి వచ్చానని, లాభం లేకపోయిందని చెప్పాడు. ముఖం నల్లబడి ఉంది.

"నాకు తెలీదయ్యా. నీ మీద ఒట్టు, తెలీదు. ఆపేస్తాను. ఆ మాట్లాడే పెట్టె విప్పి ఏ ముక్కకా ముక్క తీసి పక్కన పెట్టేస్తాను."

పలకరించారు కాబట్టి లిఫ్టాయన మాట్లాడొచ్చు. పదేళ్ళలో అన్ని మాటలు ఆ లిఫ్టులో ఆయన మాట్లాడలేదు.

"ఆపకండి సార్. ఆవిడ నిన్న ఎనిమిదో అంతస్తు మెట్ల మీద కూర్చున్నారు. నేను రోజుకో అరగంట ఉండను, వారానికో రోజు ఉండను. అది ఎప్పుడూ ఉంటుంది."

"మరి నీ సంగతి?"

"నా సంగతి తర్వాత చూద్దాం. ఆదివారం నన్ను రానిస్తారు కదా?"

మాస్టారు తల ఊపి దిగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ గేటు దాకా వెళ్ళి, ఎందుకు కిందికొచ్చాడో మరిచిపోయి మళ్ళీ లిఫ్టెక్కాడు.

*

రెండో ఆదివారం రికార్డింగు గంట పట్టింది. ఫ్యాను ఆపారు, కిటికీలు మూశారు. లిఫ్టాయన మైకు ముందు కూర్చుని కింది అంతస్తు నుంచి ఆఖరిదైన పదకొండు దాకా చెప్పాడు. మాస్టారు కాస్త నవ్వుతూ చెప్పమన్నాడు. నవ్వితే అంకెలు సరిగా వినపడవని ఆయన ఒప్పుకోలేదు. ఆరు దగ్గర మాత్రం ఒక్క అంకెతో ఊరుకోలేదు.

సెక్రటరీ అప్పటికి వచ్చి గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆరుకు మాత్రం ఆ తోక ఎందుకన్నాడు. అక్కడ అంగుళం ఎత్తుందని లిఫ్టాయన చెప్పాడు. పదేళ్ళుగా ఈ భవనంలోనే ఉంటున్నాను, నాకెప్పుడూ తగల్లేదే అన్నాడు సెక్రటరీ. మీది నాలుగో అంతస్తు సార్ అంది డాక్టరమ్మ. ఆ తోక అలాగే ఉండిపోయింది.

బిగించింది కూడా లిఫ్టాయనే. స్టూలెక్కి, ఇన్నేళ్ళుగా కళ్ళతో మాత్రమే తడిమిన పైకప్పు పలక నాలుగు స్క్రూలను విప్పాడు. ఒకటి తుప్పు పట్టి మొరాయిస్తే నూనె చుక్క వేసి ఓపిగ్గా తిప్పాడు. ముట్టుకోకూడదన్న సెక్రటరీయే కింద నిలబడి టార్చి పట్టాడు. మాట్లాడే పెట్టె లోపల అమర్చి, పలక మూసి, కింది నుంచి పైదాకా ఒకసారి నడిపి చూశారు. ఎక్కడా తెగలేదు.

ఆ వారమంతా లిఫ్టాయన స్టూలు మీద కూర్చుని తన గొంతు తనే విన్నాడు. మూడు అంటుంది. ఆయన ఊరుకునేవాడు. నాలుగు అంటుంది. ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ దానితో పాటు తనూ అన్నాడు, ఎక్కినవాళ్ళు ఉలిక్కిపడ్డారు. వాళ్ళు వాళ్ళ అంకె వాళ్ళే నొక్కుకోవడం మొదలుపెట్టారు. ఆయన మోకాళ్ళు ముడుచుకుని వాళ్ళ చేతులకు దారి ఇచ్చేవాడు. ఆరో అంతస్తు ఆవిడకు మాస్టారు పెట్టె సంగతి చెప్పాడు గానీ కాగితం సంగతి చెప్పలేకపోయాడు. "నీ గొంతేనటగా, నువ్వు సెలవు పెట్టినా నువ్వే ఉంటావన్నమాట" అని ఆవిడ సంతోషపడింది. అవునమ్మా అన్నాడు లిఫ్టాయన. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే శనివారం గడిచిపోయింది. సాయంత్రం స్టూలు జనరేటరు గదిలో పెట్టాడు. అట్టముక్క జేబులో వేసుకున్నాడు, ఎందుకో ఆయనకే తెలీదు.

*

మూడో ఆదివారం గేటు దగ్గర వాచ్‌మన్ రిజిస్టరు ముందుకు జరిపి తల వంచుకున్నాడు. బయటివాళ్ళందరూ రాయాలి. లిఫ్టాయన పేరు రాశాడు. వాచ్‌మన్ అది చదివి, నీ పేరు ఇదా అన్నాడు. ఎందుకొచ్చారు అన్న చోట ఎలక్ట్రానిక్స్ అని రాసి లిఫ్టులోకి నడిచాడు.

తలుపులు మూసుకుంటుండగా చేతికర్ర కొస లోపలికొచ్చింది. ఆరో అంతస్తు ఆవిడ. లిఫ్టాయన వెనక్కి జరిగి, ఇదివరకు స్టూలుండే మూల నిలబడ్డాడు. ఆవిడ బటన్ల మీద వేలు పెట్టి తడిమింది. శుక్రవారం ఆయన ప్రతి బటన్ మీదా లెడ్డుతో సన్నని చుక్కలు పోసి అంటించాడు, ఒకటికి ఒకటి, రెండుకు రెండు. ఆవిడ ఆరు చుక్కలు లెక్కపెట్టుకుని నొక్కింది.

నమస్కారమమ్మా అంటే చాలు. కానీ అంటే, ఆదివారం ఇక్కడేం చేస్తున్నావని అడుగుతుంది. అప్పుడంతా చెప్పాలి. పదేళ్ళు రోజూ చూసిన మనిషికి చెప్పకుండా పోయినందుకు ఆయనకు సిగ్గుగా ఉంది. ఊపిరి బిగబట్టి అద్దం వైపు చూశాడు. కాగితం తీసేసిన చోట నాలుగు టేపు మరకలున్నాయి.

రెండు అంది పెట్టె. మూడు. నాలుగు. ఐదు.

"ఆరు. అడుగు పైకి పెట్టండమ్మా."

ఆవిడ కర్రతో తడమకుండానే సరిగ్గా అంగుళం పైకి అడుగు వేసింది. బయటికి వెళ్ళి, స్పీకరున్న వైపు తిరిగింది.

"వస్తానయ్యా" అంది.

ఒక్క క్షణం ఆగింది. ముఖం కొంచెం పక్కకు వంచి, రోజూ వినే ఆ "మంచిదమ్మా" కోసం. లిఫ్టాయన నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

"ఆదివారం కదూ" అని ఆవిడ తనలో తనే నవ్వుకుంది. "రేపు చెబుతాలే."

తలుపులు మూసుకున్నాయి. ఏడు నుంచి తొమ్మిదికి పదకొండు సెకన్లు పట్టింది, తొమ్మిది నుంచి పదకొండుకు ఇంకో పదకొండు. అన్ని అంతస్తులూ ఆయన గొంతే ఆయనకు చెప్పింది.

క్లబ్బు గదిలో ఐరన్లు వేడెక్కుతున్నాయి. డాక్టరమ్మ కుర్చీ లాగింది. మాస్టారు ఏదో కొత్త బోర్డు చూపించబోయాడు. లిఫ్టాయన కూర్చోలేదు. గోడకు తగిలించిన స్క్రూడ్రైవరు తీసుకుని, కొస చొక్కాకు తుడిచాడు.

"ఆ పెట్టె మళ్ళీ విప్పాలి మాస్టారూ" అన్నాడు. "ఆరు దగ్గర ఒక మాట తక్కువైంది."